అడుగున ఉన్న నాణెం

పొద్దున ఎనిమిదింటికి కోల్డ్ స్టోరేజ్ తలుపు తీసేసరికి మెకానిక్ లోపల కూర్చునే ఉన్నాడు. మోకాళ్ల మీద గడ్డం, కనుబొమల మీద మంచు. లోపలి నుంచి తలుపు తీసే పిడిని ఎవరో ముందే ఊడబీకారు.

ఎనిమిదిన్నరకి ఏజెంట్ జలుబు తన గూఢచారి డిపార్ట్‌మెంట్ పెద్దాయన ముందు నిలబడ్డాడు. ఎండాకాలంలోనూ ముక్కు చీదుతుంటాడని డిపార్ట్‌మెంట్ ఇచ్చిన కోడ్ నేమ్ అది. అక్కడ పేర్లు పెట్టేవాళ్లకి వేరే పనేముంటుంది?

"ఫారిన్ ముఠా," అన్నాడు పెద్దాయన. "పిల్లల ఆసుపత్రులకి మన కంపెనీలు ఫ్రోజెన్ మామిడి, పనస ముక్కలు అమ్ముతున్నాయి. ఆ మార్కెట్ వాళ్లకి కావాలి. మొన్న ఒక కంటైనర్‌కి కరెంట్ తీసేశారు. ముక్కలు కరిగి పులిశాక మళ్లీ గడ్డకట్టించారు. తిన్న పిల్లలు మంచాన పడితే మనవాళ్ల లైసెన్సులన్నీ ఒక్క దెబ్బకి ఎగిరిపోతాయి. మెకానిక్ కనిపెట్టి మనకి కబురంపాడు. చంపేశారు."

"ఏ కంటైనర్ సార్?"

"పదకొండింటికి యార్డు గేటు దాటేది." పెద్దాయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "మీ అక్కది."

జలుబు ముక్కు తుడుచుకున్నాడు. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది అక్కే. ఇంటి వెనక రేకుల షెడ్డులో పనస తొనలు ఒలిచి, ఆ జిగురు చేతులతోనే వాడికి అన్నం కలిపి పెట్టి, పన్నెండేళ్లు కష్టపడి ఫ్యాక్టరీ కట్టింది.

"రుజువు లేకుండా ఆపితే కోర్టు మన తోలు తీస్తుంది. రుజువు దొరికితే మీ అక్క లైసెన్సు పోతుంది. తప్పు ఎవరిదైనా సరే, చల్లదనానికి పూచీ అమ్మినవాళ్లదే. రూల్."

"ఎవరు రాశారు సార్ ఆ రూలు?"

"చలి ఎరగనివాళ్లు."

పదీ నలభైకి మంకీ క్యాప్, చిరుగుల స్వెట్టర్‌తో లోడింగ్ కూలీ వేషంలో జలుబు యార్డులో దిగాడు. డీజిల్ కంపుని చీల్చుకుంటూ సెంటు వాసన వచ్చింది. నల్ల కళ్లద్దాలు, ఎర్ర స్కార్ఫు. క్వాలిటీ ల్యాబ్‌లో డిపార్ట్‌మెంట్ నాటిన మనిషి. అందరూ ల్యాబ్ మేడం అంటారు.

"లోపల చలెలా ఉంది?" అన్నాడు.

"బయట మనుషులంత లేదు," అంది. కోడ్ కుదిరింది.

సీలు తెంచి ఇద్దరూ కంటైనర్ ఎక్కారు. ఆమె కంటైనర్ ఉష్ణోగ్రత గ్రాఫ్ చూపించింది. మైనస్ పద్దెనిమిది దగ్గర గీత సాఫీగా సాగిపోయింది. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన పెన్ను థర్మామీటర్ కూడా మైనస్ పద్దెనిమిదే చూపించింది. ముక్కలు రాళ్లలా ఉన్నాయి. మళ్లీ గడ్డకట్టిన పండు తన కథ ఏ మెషీన్‌కి చెప్తుంది?

"అంతా బాగుంది. తనిఖీ కాగితం మీద సంతకం పెట్టెయ్. మీ అక్క బతికిపోతుంది," అంది మేడం.

కానీ అక్క ఏనాడూ మెషీన్లని నమ్మలేదు. ప్రతి లోడులోనూ పెట్టెల వెనక ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా దాచిస్తుంది. డబ్బాలో గడ్డకట్టిన నీళ్లు, ఆ గడ్డ మీద ఒక నాణెం. దారిలో ఐసు కరిగితే నాణెం మునుగుతుంది. మళ్లీ ఎంత గడ్డకట్టించినా పైకి రాదు. ఈ లోడులో దాన్ని పెట్టింది మెకానిక్.

మూడో వరస వెనక డబ్బా దొరికింది. దాని చుట్టూ తెల్లగా మంచు పట్టింది. లోపల ఏముందో కనిపించడం లేదు.

"గడ్డ ఊడదీసి తిరగేసి పెట్టు," అంది మేడం తొందరగా. "నాణెం పైకొస్తుంది."

జలుబు మెల్లగా తల తిప్పాడు. "ఇందులో నాణెం ఉందని నీకెవరు చెప్పారు?"

జవాబుగా ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి పిస్టల్ బయటికొచ్చింది. ఆమె ముఠా మనిషని, నాణెం సంగతి చెప్పింది మెకానిక్ అని, ఎలా చెప్పించి ఉంటారో కూడా వాడికి అర్థమైంది. బొటనవేలితో మంచు తుడిచాడు. నాణెం అడుగున ఉంది.

అప్పుడే జేబులో ఫోన్ మోగింది.

"అక్కే అయ్యుంటుంది. స్పీకర్ పెట్టు," అంది మేడం. "పైనే ఉందని చెప్పు. ఒక్క ముక్క చాలు. నువ్వూ బతుకుతావు, ఆవిడా బతుకుతుంది."

"ఒరేయ్ తమ్ముడూ, మెకానిక్ సంగతి ఇప్పుడే తెలిసిందిరా," అంది అక్క. "నాణెం పైనే ఉందా?"

చెప్పెయ్యాలనిపించింది. దేవుడి సాక్షిగా అబద్ధం చెప్పెయ్యాలనిపించింది.

"అడుగున ఉందక్కా."

"అయితే ఒక్క ముక్క కూడా గేటు దాటనివ్వకు," అంది అక్క.

జలుబు డబ్బాని మేడం మణికట్టుకేసి కొట్టాడు. పిస్టల్ పేలి గుండు కంటైనర్ పైకప్పుకి తగిలింది. వాడు కిందికి దూకి, తలుపులు మూసి గడియ బిగించాడు. ముఠా మనిషైన లారీ డ్రైవర్ బండి కదిలించేశాడు. గేటు లేస్తోంది. జలుబు ముందుకి ఉరికి, ఇంజన్‌కీ ట్రైలర్‌కీ మధ్య ఉన్న బ్రేకు గాలి గొట్టం కత్తితో కోశాడు. గాలి పోగానే బ్రేకులు పడి చక్రాలు కీచుమంటూ బిగుసుకున్నాయి. అప్పటికి బంపరు గేటు బయట ఉంది.

డిపార్ట్‌మెంట్ జీపులొచ్చేదాకా మేడం తను మెచ్చుకున్న చల్లదనంలోనే ఉంది.

మర్నాడు సరుకంతా గొయ్యిలో పోయించారు. అక్క దగ్గర నిలబడి పోయించింది. చివరి పెట్టె అయ్యాక చీర కొంగుతో చేతులు తుడుచుకుంది.

"నీ పని నువ్వు చేశావురా. కాదనను. కొన్నాళ్లు మాత్రం ఇంటికి రాకు."

నెల తర్వాత జలుబుకి సన్మానం. శాలువా, చప్పట్లు, కప్పుల్లో ఫ్రోజెన్ మామిడి ముక్కలు. బల్ల కింద ఖాళీ పెట్టె మీద కంపెనీ పేరు జలుబు కంటపడింది. ముఠాకి జీతాలిచ్చిన ఫారిన్ కంపెనీ అదే.

"ముఠా వేరు, కంపెనీ వేరు అని వాళ్ల లాయర్లు తేల్చారు," అన్నాడు పెద్దాయన అటు చూడకుండా. "మీ అక్క ఫ్యాక్టరీ మూతబడ్డాక ఆ ఖాళీ ఎవరో ఒకరు నింపాలి కదా. తిను. ఎలా ఉంది?"

జలుబు ముక్కు చీదాడు.

"జలుబు చేసింది సార్. రుచి తెలియట్లేదు."