కెల్ తొట్టి నీళ్ళు

కెల్ తొట్టి దగ్గర శనివారం రాత్రి నీళ్ళు పట్టకూడదు. మా వర్జీనియా రైలు లైను మీద బండి నడిపే ప్రతివాడికీ ఆ సంగతి తెలుసు. కెల్ అనే డ్రైవరు అక్కడే బాయిలర్ పేలి చచ్చిపోయాడు. అప్పట్నించీ శనివారం రాత్రి ఆ నీళ్ళు తాగిన ఇంజను ఎదురుగా ఉన్న మిట్ట ఎక్కదు. మూలుగుతుంది... పొగగొట్టంలోంచి తెల్లగా కక్కుతుంది... ఆగిపోతుంది. వాగు వైపు తెల్లటి ఆకారాలు కనబడతాయని కూడా అనేవాళ్ళు.

ఇది నేను చూసింది కాదు. డ్రైవరు ఏమస్ రిటర్ చెప్పగా విన్నది. తర్వాత రోజుల్లో నేను అతని ఇంజనుకి కట్టెలు వేశాను.

అసలు ఉత్తరాదికీ దక్షిణాదికీ జరిగిన ఆ అంతర్యుద్ధంలో సైన్యానికి సరుకు మొయ్యడమంటే దెయ్యాలతో కాదు, దొరలతో వేగడం. ఉన్నదేమో ఒకటే లైను. ఎదురుబండికి తప్పుకోవాలంటే పక్కలైను ఖాళీగా ఉండాలా? అక్కడ సైన్యం వాళ్ళు సరుకు దింపుకోకుండా మా వ్యాగన్లనే గోదాముల్లా వాడుకునేవాళ్ళు. దింపండి మహాప్రభో అంటే, మాకు చెప్పడానికి నువ్వెవడివి అనేవాళ్ళు. అవతల రొట్టె అందకపోతే తిట్లు మాత్రం మాకే.

ఆ శనివారం ఏమస్ బండిలో మందులు, రొట్టెలు ఉన్నాయి. చివరి స్టేషన్లో అవి దింపేసి, గాయపడ్డవాళ్ళని ఎక్కించుకుని ఆసుపత్రికి తేవాలి. వాళ్ళలో అతని తమ్ముడు ఎబెన్ ఉన్నాడు. తొడలో గుండు. తెల్లారేలోగా బండి వస్తే బతుకుతాడని అక్కడి తంతి గుమాస్తా కబురు పంపాడు.

దారిలో పక్కలైను నిండా గోదాం వ్యాగన్లే. తప్పుకునే చోటు లేక, ఎదురుబండి పోయేదాకా ఏమస్ వెనక స్టేషన్లోనే పడిగాపులు పడ్డాడు. ఇంజనులో నీళ్ళు ఆవిరైపోయాయి. అక్కడి తొట్టినేమో సైన్యం గుర్రాలు ఎండగట్టేశాయి. చీకటి పడ్డాక కెల్ తొట్టి దగ్గర ఆగక తప్పలేదు.

ఫైర్‌మన్ గస్ గొణిగాడు. "వద్దు ఏమస్... ఇవాళ శనివారం."

"బాయిలర్‌కి వారాలుంటాయట్రా?"

నీళ్ళు పట్టారు. మిట్ట మొదలైంది. కాసేపటికి... మూలుగు. పొగగొట్టంలోంచి తెల్లటి ముద్దలు ఎగిరొచ్చి ఏమస్ మొహాన పడ్డాయి. చక్రాలు ఒకటే జారాయి. బండి ఆగిపోయింది.

గస్ కళ్ళు మూసుకుని ప్రార్థన అందుకున్నాడు. ఏమస్‌కి మాత్రం ఒళ్ళు మండిపోయింది. బతికున్నవాళ్ళు అడ్డుపడ్డది చాలక చచ్చినవాడు కూడానా అనుకున్నాడు. లాంతరు, ఇనప కడ్డీ పట్టుకుని, తొట్టికి నీళ్ళొచ్చే వాగు వెంట ఎగువకి నడిచాడు.

వంపు తిరిగాడో లేదో — తెల్లటి ఆకారాలు. వరసగా. తలల్లేవు... చేతులు ఊపుతున్నాయి... నీళ్ళలోంచి గుసగుసలు...

"ఎవరది?" అంది వాగులోంచి ఒక గొంతు.

ఏమస్ లాంతరెత్తాడు.

తాడు మీద ఆరేసిన చొక్కాలు. మోకాలి లోతు నీళ్ళలో సైనికులు. మా లైనుకి కాపలా పెట్టిన దళమే. ఆదివారం పొద్దున్నే కల్నల్ తనిఖీ, బట్ట మాసి ఉంటే శిక్ష. అందుకని ప్రతి శనివారం రాత్రీ అక్కడే ఉతుకుడు. ఆ సబ్బునీళ్ళే దిగువన మా తొట్టిలోకి చేరుతున్నాయి. సబ్బునీళ్ళు కాగితే బాయిలర్ నిండా నురగే, ఇంక ఇంజనుకి లాగే బలమెక్కడిది? గుసగుసలంటారా... గుడారంలో కల్నల్ గారు నిద్రపోతున్నారు.

పైగా ఒక సైనికుడు, ఇక్కడ కెల్ దెయ్యం తిరుగుతుందిట కదా, అందుకే గుంపుగా వస్తాం అన్నాడు. ఏమస్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

వాళ్ళచేతే బకెట్లు పట్టించాడు. బాయిలర్ ఖాళీ చేసి, ఎగువనుంచి మంచినీళ్ళు మోయించి, మళ్ళీ ఆవిరి పట్టేసరికి తెల్లారింది. చివరి స్టేషన్ చేరేసరికి బాగా పొద్దెక్కింది.

ఎబెన్ తెల్లవారుజామునే పోయాడు. ఆఖరిదాకా బండి గురించే అడిగాడట.

ఆ తర్వాత ఉతుకుడు మానేశారు. యుద్ధమూ అయిపోయింది. నురగ లేదు, తెల్లటి ఆకారాలూ లేవు. కెల్ దెయ్యం ఎప్పుడూ లేదు.

కానీ ఒక శనివారం రాత్రి ఆ తొట్టి దగ్గర ఆగి, ఏమస్ నీళ్ళ గొట్టం గొలుసు లాగుతుంటే — పక్కనే, చీకట్లో, విసిగిపోయిన గొంతు...

"ఇంకా ఎంతసేపు అన్నా?"

ఏమస్ తలెత్తలేదు. "వస్తున్నా" అన్నాడు మెల్లిగా.

ఇది విన్నమాట కాదు. ఆ రాత్రి ఇంజను మీద ఉన్నది నేనే.