కుయిక్కా దీవి దగ్గర కొమ్మలు

కుయిక్కా దీవి వెనక పైక్ చేపలు దండిగా ఉంటాయి. అయినా మా ఊళ్లో ఎవడూ చలికాలం అక్కడ గాలం వేసేవాడు కాదు. వేశాడా — గడ్డకట్టిన సరస్సు మీద తను తొలిచిన ప్రతి కన్నం పక్కనా తెల్లారేసరికి ఓ స్ప్రూస్ చెట్టు కొమ్మ పాతి ఉండేది. చుట్టూ మనిషి అడుగులుండేవి కావు. "వైనో పాతుతున్నాడు" అనేవారు.

వైనో పోయింది అక్కడే. వాళ్లన్న, ఈసాకి అనేవాడు, పెద్ద పైక్‌ని బయటికి లాగడానికి కన్నాన్ని గునపంతో బాగా వెడల్పు చేశాడు. అలాంటి కన్నం పక్కన గుర్తుగా కొమ్మ పాతకుండా ఇంటికి రావడమంటే మాలో పాపమే. పైన పలచగా గడ్డకట్టి, మంచు కురిస్తే ఇక కనపడదు. ఆ రాత్రి వైనో స్కీ చెక్కల మీద మంచులో జారుతూ ఇంటికొస్తూ... నేరుగా అందులోకే.

"కొమ్మ పాతావా?" అని ఊరంతా నిలదీసింది. ఈసాకికి ఎంత తన్నుకున్నా గుర్తురాలేదు. పాతలేదనే ఒప్పుకుని తలొంచుకున్నాడు.

తర్వాతిది అతనే నాకు చెప్పాడు, మొహం అటు తిప్పుకుని. ఇప్పుడు వాళ్లెవరూ మిగల్లేదు గనక మీకు చెబుతున్నాను.

వైనో పోయిన మూడో చలికాలం, తమ్ముణ్ణి క్షమించమని అడగాలని అక్కడికెళ్లాడు. ఐదు కన్నాలు తొలిచాడు. బకెట్లో బతికున్న చిన్న చేపల్ని వీపు దగ్గర గాలానికి గుచ్చి నీళ్లలోకి దింపాడు. చేప లాగితే లేచే చిన్న జెండాలు అమర్చి, దీవి మీద బండచాటున కూర్చున్నాడు. మధ్యాహ్నం మూడింటికే చీకటి పడింది.

టప్‌మని ఓ జెండా లేచింది. పైక్ ఎర పట్టింది... దారం సర్రున పోతోంది. అతను కదల్లేదు. ఆ జెండా పక్కన ఎవరో వంగి ఉన్నారు.

"వైనో..." బండచాటు నుంచి లేచాడు. "తమ్ముడూ, నన్ను..."

ఆకారం ఇటు తిరిగింది. చంకలో కొమ్మల మోపు. నడుముకి కట్టిన గుబురు కొమ్మ ఒకటి వెనకాలే ఈడుస్తూ అడుగులు చెరిపేస్తోంది.

"నేను, బావగారూ." వైనో భార్య హిల్కా.

ఈసాకి టోపీ తీశాడు. "నీ మొగుణ్ణి చంపింది నేనేనమ్మా. ఒక్క కొమ్మ... మర్చిపోయాను."

"మీరు మర్చిపోలేదు." గుసగుసలాడినట్టు అంది. "పాతారు. పచ్చటివి, రెండు. పాత కన్నమేమో, గట్టిపడి ఉంటుందనుకున్నా... ఆయన బూట్లు తుడుచుకుంటాడని, గుమ్మంలో పరవడానికి నేనే పీక్కుపోయాను. మిమ్మల్ని ఊరంతా అంటుంటే నోరు విప్పలేకపోయాను."

"కోపం రావాలి కదా, నాకు రాలేదు," అన్నాడు ఈసాకి నాతో. నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఊళ్లో మాత్రం అనకు. ఎవరడిగినా — కొమ్మ పాతనిది నేనే."