లోయలో పలికిన అన్న

రాత్రంతా కురిసింది. పొద్దున లేచి చూస్తే లాడ్జి ముందు ఆపిన కార్లు కార్లలా లేవు, ఆవిరి బన్నులు వరసగా పేర్చినట్టున్నాయి. హొక్కైదోలో జనవరి అంటే అంతే, ఆకాశానికి చిల్లు పడితే నీళ్ళకి బదులు పిండి రాలుతుంది. ఆ పిండిలో స్కీలేసుకుని జారడానికే ఎక్కడెక్కడి పిచ్చోళ్ళో విమానాలెక్కి యునోసావా వచ్చి పడతారు. వాళ్ళు వస్తేనే మిజుహో ఇంట్లో పొయ్యి వెలిగేది. ఆ లాడ్జి వాళ్ళమ్మ కజుయేది.

మిజుహోకి పదిహేడు. అన్న షుంగోకి పంతొమ్మిది, చలికాలమంతా కొండమీద లిఫ్టు దగ్గర పని. ఆ రోజు సెలవు దొరికింది వాడికి. సెలవు రోజు కూడా కొండే ఎక్కుతానంటే వాణ్ణేమనాలి చెప్పండి. టిఫిన్ దగ్గర ఆస్ట్రేలియా వాళ్ళు పులిసిన సోయా గింజల్ని చూసి మొహాలు చిట్లిస్తుంటే, వీడు చెల్లి చెవిలో దూరి, ఈ గుంపు లిఫ్టు పక్కనున్న మంచంతా దున్నేస్తారు, మనం హద్దు తాడు దాటి అవతలి లోయకి పోదాం, అక్కడ ఈ ఏడాది ఎవరూ గీత పెట్టలేదు అన్నాడు.

కజుయే అడ్డం చెప్పలేదు. ఈ ఊళ్ళో పిల్లల్ని కొండకి పోవద్దంటే చేపని ఈదొద్దన్నట్టే. రాత్రికి పొయ్యి మీద బియ్యం పెట్టేలోపు వచ్చెయ్యండి, వడ్డించడానికి చేతులు కావాలి అంది. చెల్లిని వెనకాల వదిలేసి పరిగెత్తకు అని కొడుక్కి చెప్పింది. వాడు హూఁ అన్నాడు. వాడి హూఁ కి విలువెంతో ఇంట్లో అందరికీ తెలుసు.

మధ్యాహ్నం లిఫ్టు దిగాక తాడు దగ్గర ఇద్దరూ బీకన్లు చూసుకున్నారు. గుండె మీద కట్టుకునే చిన్న డబ్బా అది. ఊరికే ఉన్నప్పుడు 'నేనిక్కడున్నా' అని సంకేతం పంపుతుంటుంది. మీట మార్చామనుకోండి, అవతలి మనిషి ఎటున్నాడో బాణం వేసి, ఎంత దూరమో అంకె వేసి చూపిస్తుంది. మంచులో కూరుకుపోయిన వాళ్ళకి అదొక్కటే దిక్కు.

మిజుహో తాడు ముందు ఒక్క క్షణం ఆగింది. అవతల ఏం కనపడట్లేదు. తెలుపు, దాని మీద తెలుపు.

"భయమా?" అన్నాడు షుంగో. "భయమైతే ఇంటికెళ్ళి గిన్నెలు తోముకో."

"నీ మొహానికి భయపడాలిగానీ మంచుకేంటి," అంది మిజుహో, తాడు కింద నుంచి దూరిపోయింది.

లోయంతా దేవదారు చెట్లు. ఒక్కో చెట్టూ మెడదాకా తెల్ల దుప్పటి కప్పుకుని కూచున్న ముసలోళ్ళలా ఉంది. బంక వాసన. గాలి లేదు. మంచు పడుతూనే ఉంది, చప్పుడు మాత్రం లేదు. తన ఊపిరి తనకే పెద్దగా వినపడుతోంది. ఇంత మంచులో అరుపు కూడా దూరం పోదు, దూది మింగేసినట్టు మింగేస్తుంది.

అందుకే చెట్లలో జారేటప్పుడు ఒక పద్ధతుంది. ముందువాడు కొంత దూరం జారి ఆగి కేకేస్తాడు. వెనకున్న మనిషి ఆ కేక పట్టుకుని దిగాలి. కనపడకపోతే పిలవాలి, అవతలివాడు పలకాలి. పలకలేదంటే చెట్టు గోతిలో పడ్డాడని లెక్క. దేవదారు కొమ్మల కింద, మొదలు చుట్టూ మంచు గట్టిపడదు, నుయ్యిలా బోలుగా ఉంటుంది. తలకిందులుగా అందులో పడితే పైనున్న మంచు కూలి మూసేస్తుంది. పావుగంట దాటితే మనిషి దక్కడు.

మొదటి దిగుడు అదిరింది. నడుం దాకా పొడి మంచు, మలుపు తిప్పినప్పుడల్లా మొహమ్మీదకి లేస్తోంది. కింద షుంగో పడీ పడీ నవ్వుతున్నాడు. రెండో దిగుడులో మిజుహో రెండుసార్లు పిలిచాక, "చచ్చాన్లే, తీరిగ్గా రా ముసల్దానా," అన్నాడు. వాడంతే. ఒక్క పిలుపుకి పలికితే వాడి పరువు పోతుంది.

మూడోసారి షుంగో చెట్లలోకి దూరి మాయమయ్యాడు. మిజుహో ఆగింది. కేక రాలేదు.

"అన్నా."

"ఓయ్."

వెంటనే వచ్చింది. కిందనుంచి.

మిజుహో జారింది. వాడి గీత ముందు కనపడుతూనే ఉంది, ఒక పెద్ద దేవదారు పక్కనుంచి వంపు తిరిగింది. ఆ వంపు దాటాక మంచు మరీ జోరైంది, కళ్ళద్దాలు మసకబారాయి. తుడుచుకుని చూస్తే గీత లేదు. పూడిపోయుంటుందిలే అనుకుంది.

"అన్నా."

"ఓయ్."

ఇంకా కింద. ఇంకొంచెం దిగింది. మళ్ళీ పిలిచింది. మళ్ళీ అదే ఓయ్. అప్పుడు తట్టింది ఆ పిల్లకి... ఏంటి వీడు, ఇవాళ ఇంత బుద్ధిగా పలుకుతున్నాడు?

ఆగింది. చుట్టూ చూసింది. తన వెనక తన గీత చక్కగా కనపడుతోంది, అడుగు లోతున. కొంచెం కూడా పూడలేదు. మరి తనకంటే కాస్త ముందు పోయినవాడి గీత ఎలా పూడింది? ముందంతా నున్నటి మంచు. పక్షి కూడా వాలని మంచు.

ఇంకోటి. అంత దూరం నుంచి కేక వస్తే దూదిలోంచి వచ్చినట్టు రావాలి కదా. ఇది పక్కగదిలోంచి పిలిచినట్టుంది. పైగా అందులో ఆయాసం లేదు. ఇంత దిగినవాడికి రొప్పు ఉండదా?

గ్లవ్ తీసి బీకన్ మీట మార్చింది.

బాణం వెనక్కి తిరిగింది. పైకి. తను దాటొచ్చిన చెట్ల వైపు.

"ఓయ్," అంది కింద గొంతు. ఈసారి తను పిలవలేదు.

డబ్బా పాడైందేమో అనుకుంది. చలికి బ్యాటరీ తిక్కతిక్కగా చేస్తుందని అంటారు. డబ్బాని నమ్మి పైకి పోయి, అన్న కింద కాలు విరిగి పడుంటే? గొంతుని నమ్మి కిందకి పోయి, అన్న పైన ఊపిరాడక కొట్టుకుంటుంటే? రెంటికీ టైం లేదు. ఏదో ఒకటే.

"అన్నా, ఈల వెయ్," అంది. ఇద్దరి సంచుల పట్టీకీ ఈల ఉంటుంది.

చడీచప్పుడు లేదు. తర్వాత మెల్లగా, "ఓయ్..."

"పోనీ తిట్టు. ఒక్క తిట్టు తిట్టు నన్ను, వచ్చేస్తా."

కొమ్మ మీంచి మంచు జారి మెత్తగా పడింది ఎక్కడో. అప్పుడు...

"భయమా?"

తాడు దగ్గర ఎలా అన్నాడో అలాగే. అదే సాగదీత, చివర అదే నవ్వు. ఒక్క పిసరు తేడా లేదు. మనిషి ఒకే మాటని రెండుసార్లు అంటే ఎంతో కొంత తేడా వస్తుంది కదా. రాలేదు.

వెనక్కి తిరిగింది. పైకి.

స్కీలతో ఎక్కడమంటే అడ్డంగా అడుగు, ఇంకో అడుగు. నడుం దాకా మంచు, ఎక్కిన దాంట్లో సగం జారుతోంది. డబ్బా మీద అంకె తగ్గుతోంది. వెనక గొంతు కూడా వస్తోంది.

"ఓయ్."

మొదట లోయ అడుగు నుంచి. తర్వాత కొంచెం పైనుంచి. తర్వాత చెట్ల మధ్యనుంచి. మిజుహో తిరిగి చూడలేదు. చూస్తే కాళ్ళు పనిచెయ్యవని తెలుసు.

"ఓయ్..."

ఒక్క చెట్టు వెనక. మంచు నలిగిన చప్పుడు లేదు. అడుగు లేదు. గొంతు ఒక్కటే.

ఇందాకటి పెద్ద దేవదారు దగ్గర డబ్బా కీచుమని అరిచింది. కొమ్మల కింద మంచు కుంగిపోయుంది. అందులోంచి స్కీ కొస ఒకటి, వేలెడంత, పైకి పొడుచుకొచ్చింది. ఇందాక దీని పక్కనుంచే జారిపోయింది తను. ఎలా చూడలేదో.

సంచిలోంచి పార తీసి తవ్వింది. అరవలేదు, ఏడవలేదు, ఊరికే తవ్వింది. కాలు దొరికింది. నడుం దొరికింది. చేత్తో మంచు తోడి, కోటు పట్టి లాగి, చివరికి మొహం బయటపడేసరికి అది నీలంగా మారిపోయుంది. నోట్లో మంచు కుక్కుకుపోయుంది. వేలు పెట్టి తీసింది. చెంప మీద కొట్టింది. ఇంకోటి కొట్టింది.

షుంగో దగ్గాడు. కళ్ళు తెరిచాడు.

అప్పుడు ఏడ్చింది మిజుహో. వాణ్ణి పట్టుకుని, తిడుతూ, ముక్కు చీదుతూ ఏడ్చింది. వాడు కదలకుండా కూచున్నాడు. చాలాసేపటికి గానీ తెలియలేదు ఆ పిల్లకి, వెనక గొంతు ఆగిపోయిందని. ఎప్పుడాగిందో గుర్తు లేదు. పారతో మొదటి దెబ్బ వేసినప్పుడే ఆగిందేమో.

"నా పిలుపు వినపడిందా నీకు?"

"వినపడింది."

"నోట్లో మంచు పోయి పలకలేకపోయావా?"

షుంగో లోయ వైపు చూశాడు. "పలికాడుగా," అన్నాడు.

ఎవరని అడిగింది. వాడు లేచి స్కీలు దులుపుకున్నాడు. ఇంకోసారి అడగడానికి ధైర్యం చాల్లేదు. చావు దాకా పోయొచ్చినవాడు, బుర్ర తిరిగి ఏదో అంటున్నాడని సర్దిచెప్పుకుంది. మనిషి దక్కాడు, అది చాలు.

దిగేటప్పుడు వాణ్ణి ముందు పొమ్మంది, కళ్ళముందు ఉంటాడని. వాడు కదల్లేదు, నువ్వు పో అన్నట్టు చెయ్యి చూపించాడు. సరే అని తనే ముందు జారింది. పొడి మంచులో స్కీలు చప్పుడు చెయ్యవు, కాబట్టి వెనక వస్తున్నాడో లేదో చూస్తేనే తెలిసేది. చూసినప్పుడల్లా ఉన్నాడు. ఎప్పుడు చూసినా ఒకే దూరంలో. తను ఆగితే ఆగుతున్నాడు. పడిపోతావేమో జాగ్రత్త అంటే తలూపుతున్నాడు. ఇంటిదాకా ఒక్క జోకు లేదు, ఒక్క తిట్టు లేదు. తిడితే బాగుణ్ణనిపించింది మిజుహోకి జీవితంలో మొదటిసారి.

ఊరు చేరేసరికి దీపాలు వెలిగాయి. లాడ్జి వంటింట్లోంచి చేప కాలుతున్న వాసన. ఆ వాసనకి మళ్ళీ కళ్ళు చెమర్చాయి. షుంగో బయట నిలబడి స్కీలు గోడకి ఆనిస్తుంటే తను ముందు లోపలికి వెళ్ళింది.

"ఇంతసేపూ ఎక్కడ తిరిగావే?" అంది కజుయే వంటింట్లోంచే, తల తిప్పకుండా. "మీ అన్న వచ్చి చాలాసేపయింది. నువ్వు భయపడి వెనక్కి పోతున్నానని చెట్లలోంచి కేకేశావంట కదా. ముద్దన్నం రెండు ఉండలు నిలబడే మింగి, స్నానానికి పోయాడు."

మిజుహో నడవాలోకి నడిచింది.

నడవా చివర స్నానాల గది. తలుపు సందుల్లోంచి ఆవిరి వస్తోంది. లోపల నీళ్ళు ఒంపుకుంటున్న చప్పుడు, దాంతో పాటు రాగం తప్పిన కూనిరాగం. పంతొమ్మిదేళ్ళుగా ఈ ఇంట్లో ఆ రాగాన్ని అంత అందంగా తప్పేది ఒక్కడే.

పక్కనే బూట్లు ఆరబెట్టే గది. లోపలికి చూసింది. వేడి గొట్టం మీద ఒక జత బోర్లించుంది, నీళ్ళు కారుతున్నాయి. ఎడమ బూటు కొక్కెం విరిగితే చేపలు పట్టే నారింజ రంగు తాడుతో కట్టుకున్నాడు షుంగో, పోయిన వారమే. గొట్టం మీద ఎడమ బూటుకి నారింజ తాడుంది. ముడి కూడా వాడిదే.

వెనక బయటి తలుపు జరిగింది. షుంగో లోపలికొచ్చి పక్కన నిలబడ్డాడు. మిజుహో కిందకి చూసింది. వాడి ఎడమ కాలికి నారింజ తాడు.

వాడు గొట్టం మీది బూట్ల వైపు చూశాడు. ఉలిక్కిపడలేదు. రైల్లో తన సీట్లో ఎవరో కూచుంటే చూస్తామే, అలా చూశాడు. తర్వాత వంగి చెల్లి చెవి దగ్గర నోరు పెట్టాడు.

"అమ్మకి చెప్పకు," అన్నాడు. "ముందు వాణ్ణి బయటికి రానీ."

మాట చెవిలో పడింది. ఊపిరి మాత్రం తగల్లేదు.

స్నానాల గదిలో కూనిరాగం ఆగింది.

"అమ్మా," అంది లోపలి గొంతు. "మిజుహో వచ్చిందా?"

"వచ్చింది," అంది కజుయే.

నీళ్ళ చప్పుడు కూడా ఆగింది. లోపలి గొంతు తగ్గింది, తలుపుకి దగ్గరగా వచ్చినట్టుంది.

"ఒక్కతే వచ్చిందా?"

కజుయే చేతులు తుడుచుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. కూతుర్ని చూసింది. తర్వాత ఆమె చూపు పక్కకి జరిగింది, ఇంత వేడిలోనూ భుజాల మీద మంచు కరగని షుంగో మీద ఆగింది. కింద బూటు నుంచి పైన టోపీ దాకా, తొందర లేకుండా చూసింది. కళ్ళు వాడి మీంచి తియ్యకుండానే, చెయ్యి వెనక్కి పెట్టి వంటింటి తలుపు మెల్లగా మూసేసింది.

"ఆఁ," అంది. "ఒక్కతే. నువ్వు బయటికి రాకు."