డాక్టరమ్మ చెవి

రోజూ కాలేజీకి బయల్దేరే ముందు డాక్టరమ్మ అత్తగారి గుండె మీద స్టెతస్కోపు పెట్టి వింటుంది. కాఫీ ఆలస్యమైనా సరే, ఆ ఇంట్లో ఈ పని మాత్రం ఆగదు. ఆ ఉదయమూ విని, "గుండె గడియారంలా కొట్టుకుంటోంది అత్తయ్యా" అంది.

"మరి మెట్లెక్కితే ఆయాసమెందుకమ్మా?"

"వయసు. ఇంకేముంది?"

బల్ల దగ్గర కూతురు మూతి ముడుచుకుని కూర్చుంది. తల్లి పాఠం చెప్పే కాలేజీలోనే ఆ పిల్లా వైద్యం చదువుతోంది. నిన్న వార్డులో, ఫోన్‌కి కలిపే స్టెతస్కోపుతో ఒక రోగి గుండెలో సన్నటి శబ్దం విన్నానని చెప్పింది. "అక్కడేమీ లేదు. నువ్వు విన్నది ఫోన్ గోల!" అంటూ తల్లి అందరి ముందూ బయటికి పంపేసింది. సొంత కూతుర్ని వెనకేసుకొచ్చిందన్న మాట పడకూడదని, నాలుగు మాటలు ఎక్కువే అంది.

"ఈ అలక ఎంతసేపు?"

"అలక కాదమ్మా. ఆ రోగికి సాయంత్రం స్కానింగ్ చేశారు. గుండె కవాటం లీకవుతోందట."

డాక్టరమ్మ కప్పు కింద పెట్టేసింది. అయినా నోరు ఊరుకుంటుందా? "ఏదో కాకతాళీయం. ఫోన్ లేకపోతే మీకసలు చెవులే లేవు!"

"ఉన్నాయి. నువ్వు పెట్టే టీవీ సౌండుకి పగిలిపోతున్నాయి."

కూతురు విసురుగా లేచి నానమ్మ దగ్గరికెళ్ళింది. ఆమె గుండెకి తన పరికరం ఆనించి, ఫోన్ స్పీకర్ పెట్టింది. లబ్ డబ్, లబ్ డబ్.

"మధ్యలో అదేంటే, పాము బుస కొడుతున్నట్టు?" అంది పెద్దావిడ.

"ఏ బుస?" అంది డాక్టరమ్మ. ఆమెకి లబ్ డబ్ తప్ప ఏమీ వినపడలేదు.

కూతురి ముఖంలో కోపం పోయి భయం వచ్చింది. ఫోన్ తెరని తల్లి వైపు తిప్పింది. ప్రతి లబ్‌కీ డబ్‌కీ మధ్య ఖాళీగా ఉండాల్సిన చోట గరుకు గీతలు. ఏళ్ళ తరబడి తను బోర్డు మీద గీసి చూపించిన బొమ్మే అది. గుర్తుపట్టడానికి డాక్టరమ్మకి క్షణం పట్టలేదు.

"నానమ్మకీ వినపడుతోందమ్మా. నీకే..."

డాక్టరమ్మ ఇయర్‌ఫోన్లు తీసుకుని చెవుల్లో పెట్టుకుంది. "పెంచు... ఇంకాస్త పెంచు." చిట్టచివరికి, చాలా దూరం నుంచి వచ్చినట్టు, ఆ బుస వినపడింది. రోజూ గడియారమని చెప్పి తీసిపారేసింది దీన్నే. కన్నీళ్ళు ఆగలేదు.

"నాకు కళ్ళజోడొస్తే ఎవరూ ఏడవలేదే!" అంది అత్తగారు, కోడలి తల నిమురుతూ.

అత్తగారిని కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్ళి, స్కానింగ్ గది దగ్గర తన భర్తకి అప్పగించి, డాక్టరమ్మ నేరుగా వార్డుకి వెళ్ళింది. తలవంచుకుని వెనక నిలబడ్డ కూతుర్ని ముందుకి పిలిచింది.

"నిన్న ఈ అమ్మాయి విన్నది నిజం. వినపడనిది నాకు," అంది విద్యార్థులతో. "ఫోన్లు బయటికి తీయండి. ఇవాళ పాఠం తను చెప్తుంది."