మూడు కాలాల మాస్టారు

వియన్నాలో గోడ గడియారం పేలి ఒక భౌతికశాస్త్రవేత్త చనిపోయాడు. మర్నాడే ఇక్కడి గూఢచారి సంస్థ చీఫ్, తన ఏజెంట్ హేమను పిలిచాడు.

"కాలానికి మూడు పరిమాణాలున్నాయన్న సిద్ధాంతం ఇద్దరిది. ఒకడు పోయాడు. రెండో ఆయన కొత్తపేటలో ఉన్నాడు. రిటైర్డ్ లెక్చరర్ కనకరత్నం. లెక్కంతా ఆయన తలలోనే ఉంది."

"సిద్ధాంతం నిజమేనా, సర్?"

"మన సైంటిస్టులు చెత్తన్నారు. దేశాల రహస్యాలు అమ్ముకునే డెల్మార్ మాత్రం దాంతో ఏ సీక్రెట్ కోడ్ అయినా విప్పొచ్చనుకుంటున్నాడు. మురమళ్ళ రేవులో పడవ పెట్టుకుని కూర్చున్నాడు. మాస్టారు తనతో రానంటే వియన్నాలోలాగే బాంబు బటన్ నొక్కుతాడు. ఆయన బయటపడేదాకా మన కమాండోలు కదలరు. మాస్టారి దగ్గర షైనీ అనే ఆమె ఉంటుంది. మన మనిషినంటుంది. డెల్మార్ వాళ్లకీ అదే చెబుతుంది. నమ్మకు."

డెల్మార్ కొత్తపేటలో తెరిచిన రీసెర్చి సెంటర్‌లోకి హేమ కరెంటు బిల్లు తీసే మనిషి వేషంలో వెళ్లింది. షైనీ ఆకుపచ్చ పట్టుచీరలో మెరిసిపోతోంది. ఆమె చెవికమ్మలో మైకూ, బుల్లి స్పీకరూ ఉన్నాయి. ఇక్కడి ప్రతి మాటనూ ఒక యంత్రం అనువదించి పడవలోని డెల్మార్‌కు వినిపిస్తోంది.

"మీటరెక్కడండీ?" కోడ్ వర్డ్ అది.

"మెట్ల కింద. తడిసిపోయిందండీ." జవాబు సరైనదే. అయినా హేమ వేలు సంచిలోని పిస్టల్‌ను వదల్లేదు.

షైనీ వెంట హేమ లోపలికెళ్లింది. షైనీని చూడగానే కనకరత్నం గారు కస్సుమన్నారు. "పడవేంటమ్మా, పడవ! కాలవ గట్టు మీద నడిచేవాడికి ముందూ వెనకే తెలుసు. కాలవకి వెడల్పు లేదా? లోతు లేదా? కాలమూ అంతే! ఢిల్లీలో చెబితే నవ్వేరు. మీ డైరెక్టరేమో కొనేస్తానంటాడు. దొందూ దొందే!"

"ఆఖరిసారి అడగమన్నారు మాస్టారూ. వస్తారా, రారా?" అంది షైనీ.

హేమ చేతిలోని బిల్లు మెషిన్ నిజానికి బాంబులు పసిగట్టేది; దాని తెర మీద ఎర్రచుక్క వెలిగింది. గోడ గడియారం వైపు తిప్పితే ఇంకా ఎర్రబడింది. హేమ గబగబా టైప్ చేసి తెరను ఆయన ముందు పెట్టింది: 'గడియారంలో బాంబు. మాట్లాడకండి. నాతో రండి.'

ఆయన అది చదివి లేచి చెప్పులేసుకున్నారు. కానీ పుట్టినప్పటి నుంచీ అబ్బిన మర్యాద ఎక్కడికి పోతుంది? గుమ్మంలో ఆగి, షైనీ వైపు తిరిగి, "వస్తానండీ" అన్నారు.

షైనీ చెవిలో డెల్మార్ గొంతు హేమకూ వినపడేంత గట్టిగా పలికింది. "వస్తానన్నాడు. కన్ఫర్మ్?"

వెళ్లేవాడు వెళ్తాననడు. ఆ సంగతి యంత్రానికి తెలియదు, షైనీకి తెలుసు. 'వెళ్లిపోతున్నాడు' అని ఆమె ఒక్క మాటంటే చాలు, ఇల్లు లేచిపోతుంది. హేమ పిస్టల్ బయటికి తీసింది. మాటను ఆపే గుండు మాత్రం అందులో లేదు.

షైనీ మాస్టారినే చూస్తూ నెమ్మదిగా అంది. "ఆయ్. వస్తానన్నారండీ."

కమ్మ తీసి బల్ల మీద పెట్టి, చప్పుడు లేకుండా వాళ్ల వెనకే వీధిలోకొచ్చింది.

"ఇప్పుడైనా నమ్ముతారా?"

"ముందు నడవండి," అంది హేమ.

హేమతో కలిసి కమాండోలు రేవును చుట్టుముట్టేసరికి డెల్మార్ బటన్ పక్కన పడేసి, అతిథి కోసం పడవకీ రేవుకీ మధ్య బల్ల వేయిస్తున్నాడు.

"యంత్రం తప్పు చెప్పింది!" సంకెళ్లు పడ్డాక అరిచాడు.

"తప్పేం చెప్పలేదండీ," అంది హేమ. "పాపం, అదెప్పుడూ మా వాళ్లింట్లోంచి సెలవు తీసుకోలేదు, అంతే."