గొళ్ళెం లేని షెడ్డు

ఉప్పళంలో మా చెల్లెలు లోగనాయకి ఇంటి పక్కన ఒక కారు షెడ్డు ఉండాది. దీపాలు పెట్టినాక ఆ సందులో వచ్చేవాళ్ళు షెడ్డు దగ్గరికి రాగానే అవతలి గోడ పక్కకు జరిగి నడుస్తారు. బండి మీద వచ్చేవాళ్ళు ఊరికే హారన్ కొట్టి పోతారు. లోపల కారు లేదు. మనిషీ లేడు. అయినా రాత్రిపూట ఎవరో ఊపిరి అందక ఈడుస్తా ఉంటారని దానికి పేరు...

మా చెల్లెలికి బావగారు, మొగుడి అన్న ముకుందన్ పోయింది అందులోనే. ఆయనకు ఉబ్బసం. పడుకుంటే ఊపిరాడక, రాత్రుల్లో పోయి కారు సీట్లో ఒరిగి కూర్చునేవాడు. ఒక తుపాను రాత్రి ఆయన లోపల ఉండాడని తెలియక ఎవరో బయట గొళ్ళెం వేసినారు. తెల్లారి గొళ్ళెం తీసి తోస్తే తలుపు కదల్లేదు. లోపల ఆయనే తలుపుకు ఆనుకొని పడిపోయి ఉండాడు.

గొళ్ళెం వేసింది ఎవరని అడిగితే ఇంట్లో ఒక్కరూ నోరు తెరవలేదు. కారు అమ్మేసినారు. షెడ్డు మూసేసినారు.

ఇక ముందుది నేను చూసింది కాదు. మా చెల్లెలి కొడుకు సుధాకరన్, వాడి పెండ్లాం రంజని చెప్పింది చెప్పినట్టు రాస్తా ఉండాను.

మిల్లు మూతపడి సుధాకరన్‌కు పని పోయింది. అప్పుడు రంజని కడుపుతో ఉండాది. బండ్లకు పెయింట్ కొట్టడం వాడికి బాగా వచ్చు. షెడ్డు ఉండనే ఉండాది కదా అని, ఒర్లియంపేటలో మూసేస్తా ఉన్న టైర్ల అంగట్లో పాత ఎయిర్ కంప్రెసర్ కొని తెచ్చినాడు.

"యాడైనా బాడిగకు చూడు కన్నా. ఆ షెడ్డు మాత్రం ఒద్దు," అనింది లోగనాయకి.

"ఏందిమా నువ్వు! పెదనాయన వస్తే ఆయనకూ ఒక కోటింగ్ వేసి పంపిస్తా."

మా చెల్లెలు నవ్వలేదు.

"ఇది కూడా కుదర్లేదంటే నేను తిరుప్పూరు పోయి బనియన్ కంపెనీలో చేరాల్సిందే," అన్నాడు వాడు. "కాన్పుకు కూడా వస్తానో లేదో." ఆ మాటకు రంజని తల వంచుకొని లోపలికి పోయింది.

శుక్రవారం పూజ చేసినారు. మిషన్‌ను వెనక గోడ దగ్గర నిలబెట్టి, ట్యాంకుకు గంధం, కుంకుమ పెట్టి, కొత్త బండికి పెట్టినట్టే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టినారు. బండి అయితే నిమ్మకాయల మీద ఎక్కించి తొక్కిస్తారు. ఇది నడిచేది కాదు కదా... అట్లే వదిలేసినారు. గాలి ట్యూబును గోడ వెంబడి కొక్కీలకు తగిలించి తలుపు దాకా లాగినాడు. కొసకు పెయింట్ గన్ను.

మరుసటి పొద్దున చూస్తే నిమ్మకాయలు నలిగిపోయి ఉండాయి. మిషను తలుపు వైపు జరిగి ఉండాది.

వాడు ఎవరికీ చెప్పలేదు. వెనక్కు తోసి, కొత్త నిమ్మకాయలు పెట్టినాడు.

ఆ రాత్రి వాన. నడిరేయి దాటినాక సుధాకరన్‌కు మెలకువ వచ్చింది.

సుయ్... య్... య్...

ఉబ్బసం మనిషి ఊపిరి లాగినట్టు. సన్నగా... ఆగకుండా.

సెల్‌ఫోన్ లైటు వేసుకొని షెడ్డు ముందర నిలబడినాడు. బయట గొళ్ళెం వేసినట్టే ఉండాది. లోపల గుర్రుమని ఒక శబ్దం. ఆ వెంటనే —

డబ్. డబ్. డబ్.

లోపలి నుంచి తలుపు కొడతా ఉండారు. గొళ్ళెం గలగలమని అదురుతా ఉండాది.

వాడు గొళ్ళెం లాగి తలుపు తోసినాడు. కదల్లేదు. ఎవరో లోపల ఆనుకొని ఉన్నట్టు...

"బావా..."

వెనక వానలో లోగనాయకి. తడిసిన నేల మీద కూలబడి రెండు చేతులూ జోడించింది.

"నేనే బావా... దొంగల భయంతో ఆ తుపాను రాత్రి గొళ్ళెం నేనే వేసినా. నువ్వు లోపల ఉండావని తెలీదు బావా..."

తలుపు కొట్టడం ఆగిపోయింది.

తెల్లారినాక సుధాకరన్ స్నేహితుడు, మెకానిక్ చంద్రన్ వచ్చినాడు. నిచ్చెన వేసుకొని పై కిటికీలో తల పెట్టి పకపకా నవ్వినాడు.

"ఒరే సుధా! మీ పెదనాయన ఒళ్ళంతా కుంకుమ బొట్లతో తలుపుకు ఆనుకొని ఉండాడురా! ఇది ఆటోమేటిక్ మిషను, స్విచ్చి ఆపకుండా వదిలేసినావా?"

కిటికీలోంచి దూరి, మిషన్‌ను వెనక్కు జరిపి తలుపు తీసినాడు. ట్యూబు జాయింటు దగ్గర గాలి కారతా ఉండాది. ఆ సుయ్‌మనేది అదే. గాలి తగ్గినప్పుడల్లా మోటారు దానంతట అదే తిరుగుతుంది. మిషన్‌ను నేలకు బిగించే బోల్టులు లేవు. కారు కడిగిన నీళ్ళు పోయేదానికి నేల తలుపు వైపు వాలుగా కట్టినారు. అదురుకుంటా అదురుకుంటా నిమ్మకాయల్ని తొక్కుకొని వచ్చి, తలుపుకు కొట్టుకునింది.

"నిమ్మకాయ పెట్టేచోట నాలుగు బోల్టులు పెట్టి ఉంటే సరిపోయేది కదరా!"

అందరూ నవ్వినారు. బోల్టులు బిగించినారు. జాయింటు సరిచేసినారు. మా చెల్లెలు మాత్రం గొళ్ళేన్నే చూస్తా నిలబడింది.

"చంద్రా, అది పీకేయ్ నాయనా."

ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. సుధాకరన్‌కు చేతినిండా పని. సందెవేళ లోగనాయకి షెడ్డు గడప మీద దీపం పెట్టి, తలుపు ఓరగా తీసి, "తీసే ఉండాది బావా" అని మెల్లగా చెప్పి వస్తుంది.

పెరుమాళ్ళు చల్లగా చూసినాడని నేనూ అనుకున్నా. సీమంతం నాడు రంజనికి గాజులు తొడుగుతా ఉంటే, ఆ బిడ్డ నా చెయ్యి గట్టిగా పట్టుకునింది.

"పెద్దత్తా... షెడ్డుకు కరెంటు హాల్లో స్విచ్చి నుంచే కదా. ఆ రాత్రి వాన చూసి భయమేసి, పడుకునే ముందు నేను దాన్ని ఆపేసినా."

నా చేతిలో గాజు ఆగిపోయింది.

"మరి పొద్దున మిషన్‌లో గాలి కారతా ఉండిందే?"

"చంద్రన్ అన్న కిటికీలో దూరేలోపల నేనే మళ్ళీ వేసినా. దయ్యమని తేలితే షెడ్డు మూసేస్తారు. ఆయన తిరుప్పూరు పోకూడదు కదా పెద్దత్తా... ఎవరికీ చెప్పొద్దు."

"నడిమధ్యలో ఎవరన్నా వేసినారేమో తల్లీ..."

రంజని తల అడ్డంగా ఊపింది.

"తలుపు కొడతా ఉన్నంతసేపూ నేను ఆ స్విచ్చి ముందరే నిలబడి ఉండా పెద్దత్తా... అది ఆఫ్‌లోనే ఉండాది."