గ్రీకైతే నొక్కు, లాటిన్ అయితే ఆపు

రేఖ చేటలో బియ్యం చెరుగుతోంది. గద్వాలలో ఉమారాణి మేడం అద్దె ఇంట్లో ఆమె వంటమనిషి. అసలు ఉద్యోగం ఇంటెలిజెన్స్‌లో. చెవి కమ్మలో దాచిన రిసీవర్ పలికింది. అవతల చీఫ్ ఏసురత్నం.

"రేఖా, పెబ్బేరు పశువుల సంతల బాంబు పెట్టిండ్రు. సంతంతా జనమే."

"రిమోట్ ఎవని చేతిల ఉంది సార్?"

"సతీష్. మీ మేడం తమ్ముడు. బేరగాని వేషంల తిరుగుతుండు. వాని మొహం ఎరిగినోడు మనోళ్లల్ల ఎవడు లేడు."

ఆ సంతలో ధర నోటితో చెప్పరు. తువ్వాల కింద చేతులు కలిపి వేళ్లతో తేల్చుకుంటారు. చెయ్యి కప్పుకున్న వందలమందిలో రిమోట్ ఎవరి దగ్గరుందని వెతకాలి? ఒక్కడి తువ్వాల లాగినా సతీష్ నొక్కేస్తాడు.

రేఖ తన ప్లాన్ చీఫ్‌కు గుసగుసగా చెప్పి, చేట కింద పెట్టి లోపలికి నడిచింది. ఉమారాణి ఫోన్ ముందు ఆన్‌లైన్ క్లాసు చెబుతోంది. సిల్కు చీర, ఎర్రటి లిప్‌స్టిక్, తేనెలాంటి గొంతు. డిపార్ట్‌మెంట్ జీతం తింటూ విదేశీ ముఠాకు పనిచేసే డబుల్ ఏజెంట్. పాఠం ఇంగ్లీషు మాటల ముందు చేరే ముక్కలు, ప్రిఫిక్సులు. సంతలో సతీష్ కూడా ఇయర్‌ఫోన్‌లో అదే పాఠం వింటున్నాడు. కోడ్‌ను రేఖ నిన్ననే ఛేదించింది. ప్రిఫిక్సు అర్థం బాంబు ఉన్న చోటు. అది పుట్టిన భాష ఆజ్ఞ. గ్రీకైతే నొక్కు, లాటిన్ అయితే ఆపు.

"ఇదే చివరి ప్రిఫిక్సు. అర్థం, కింద. అది ఏందంటే..."

రేఖ ఫోన్ కెమెరా, మైక్ ఆపి, పిస్టల్ ఆమె మెడకు ఆనించింది.

"గ్రీకు హైపో అనకు. లాటిన్ సబ్ అను."

ఉమారాణి నవ్వింది. "వంటమనిషికి లాటిన్ గూడ వస్తదా?"

"నీ తమ్ముడు నొక్కితే వానికి ఉరే. ఆపితే బతుకుతడు."

నవ్వు ఆగిపోయింది. "వాన్ని ఏం చెయ్యరు గద? చిన్నోడు రేఖా. నేనే దించిన గీ పనిల. ఒట్టు పెట్టు."

"ఒట్టు."

ఉమారాణి మైక్ ఆన్ చేసింది. "సబ్. లాటిన్‌ల పుట్టింది. సబ్‌మెరైన్ అంటే సముద్రం కింద పోయేది."

కమ్మలో చీఫ్ గొంతు. "ఒకడు తువ్వాల తీసిండు... రిమోట్ బ్యాటరీ పీకుతుండు... వాడే!" తుపాకీ మోత. "పడ్డడు. బాంబు దొరికింది, నీళ్ల తొట్టి కింద. నువ్వు చెప్పినట్లే అయ్యింది రేఖా."

ఆపితేనే వాడు దొరుకుతాడని రేఖకు ముందే తెలుసు. దొరకగానే కాల్చాలన్న ప్లాన్ కూడా ఆమెదే.

రేఖ ఉమారాణి చేతిని కిటికీ ఊచకు బేడీతో బిగించింది.

"మా తమ్ముడు ఎట్లున్నడు?"

ఫోన్ తెర మీద ఎవరో విద్యార్థి మెసేజ్ మెరిసింది. "మేడం, హైపో అన్నా కిందనే గద. గ్రీకుకు, లాటిన్‌కు తేడా ఏంది?"

రెండు ప్రశ్నలకూ జవాబు రేఖ దగ్గరే ఉంది. ఆమె చెప్పులు తొడుక్కుని ఇల్లు దాటింది.